మన పేరు మోసిన విమానము

వరంగల్లు వాసులకు మామునూరు విమానాశ్రయమును గూర్చి వేఱుగ చెప్పవలసిన పనిలేదు. నిజాము పరిపాలన కాలమున నేర్పడి, 1981 వ సంవత్సరము వఱకు విమానముల రాకపోకలను గాంచి, పిమ్మట గడ్డిమొలచి పడియున్న యా మైదానము మఱల మేల్కొనుచున్నది. అచ్చట నూతన విమానాశ్రయమును నిర్మించుటకు కేంద్రప్రభుత్వము 2025 వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున అనుమతి నొసగినది. నాటినుండి మన పాఠశాల బాలుర నోట నొకటే ప్రశ్న వినవచ్చుచున్నది: "సార్, మన ఊరికి విమానము ఎప్పుడు వచ్చును?" ఈ ప్రశ్న విన్నప్పుడెల్ల నాకు మఱియొక విమానము తలపునకు వచ్చుచుండును. అది రాబోవునది కాదు. నూఱేండ్లకు పూర్వము మన పేరు మోసికొని యుద్ధమునకు పోయి, శత్రువుల చేజిక్కి, మూడు దేశములు తిరిగి, తుదకు ప్రాణముతో మిగిలినది. దాని కథను, ఆ కథ మనకు నేర్పు పాఠమును ఈ సంచికా ముఖమున మనవిచేయ తలంచితిని.

లండను నగరమున హెండన్ అను పేటలో రాయల్ ఎయిర్ ఫోర్సువారి మ్యూజియము కలదు. అందు ఒకదానిపై నొకటిగ రెండు వరుసల రెక్కలుగల పాత విమానమొకటి నిలిచియున్నది. అది డి.హెచ్. 9-ఏ అను జాతికి చెందిన బాంబుల విమానము. దాని సంఖ్య ఎఫ్ 1010. నిజాము ప్రభువుల కానుక యనియు, హైదరాబాదు 12-ఏ యనియు అర్థమిచ్చు ఆంగ్లాక్షరములు దాని ప్రక్కను వ్రాయబడియున్నవి. ఇంగ్లండులో ఆ జాతి విమానములు రెండువేలకు దగ్గఱగ తయారయ్యెను. వానిలో నాటి యసలు విమానముగా పూర్తిరూపమున నేడు చూడదగినది ఇదియే. వేలలో మిగిలిన ఆ యొక్కదానిమీదనే మన రాజ్యము పేరుండుట విశేషము. అంతకంటె విశేషమేమనగా, ఆ సంగతి మనలో మిక్కిలి కొలదిమందికి మాత్రమే తెలిసియుండుట.

మొదటి మహాయుద్ధకాలమున మీర్ ఉస్మాన్ అలీఖాన్ నిజాము బ్రిటిషువారికి పెక్కువిధముల ధనసహాయము చేసెను. 110 వ విమానదళమునకు కావలసిన తొలి విమానముల వెల అందొకటి. కావుననే ఆ దళమునకు హైదరాబాదు దళమను పేరు కలిగెను. అంతకుముందున్న డి.హెచ్. 9 జాతి విమానముల ఇంజను బలహీనమై, దారిలో మొరాయించుచుండెను. ఆ లోపమును తీర్చుటకై 400 అశ్వబలముగల అమెరికా లిబర్టీ ఇంజనును పెట్టి, రెక్కలను పెంచి, 9-ఏ విమానమును చేసిరి. ఈ క్రొత్త విమానమును అన్నిటికన్న ముందుగ పొందినది హైదరాబాదు దళమే. 1918 ఆగష్టు చివర అది ఫ్రాన్సుదేశము చేరెను. సెప్టెంబరు 14 వ తేదీన తొలి దాడికి వెడలెను. నవంబరు 11 వ తేదీన యుద్ధము ముగిసెను. ఈ రెండు మాసములలోనే శత్రుభూమిపై 17 విమానములును, ప్రమాదములలో 28 విమానములును ఆ దళమునకు నష్టమయ్యెను. కొయ్యతోను బట్టతోను చేసిన ఆ వాహనములందు, తెఱపి గదులలో కూర్చుండి, చలిగాలిలో వందల మైళ్లు పోయినవారు ఇరువది యేండ్ల యువకులు. ఈ సంఖ్యలను చదువునపుడు విమానములను గాక మనుష్యులను లెక్కింపవలయును.

మన ఎఫ్ 1010 ఈవిల్ పట్టణమున వెస్ట్‌లాండ్ కర్మాగారమున తయారైనది. 1918 అక్టోబరు 5 వ తేదీన ఇంగ్లిస్, బాడ్లే అను ఇరువురు దానియందు జర్మనీపై దాడికి పోయి, క్రిందికి దిగవలసివచ్చి, చెఱపడిరి. విమానము పెద్దగా చెడక జర్మనుల చేత చిక్కెను. వారు దానిని తగులబెట్టలేదు; విజయచిహ్నముగ దాచి, బెర్లిను నగరమున 1936 లో తెఱచిన విమాన ప్రదర్శనశాలయందు నిలిపిరి. రెండవ మహాయుద్ధమున బ్రిటిషు బాంబులు బెర్లినుపై కురియుచుండగా, ఆ ప్రదర్శనశాలలోని కొన్ని వస్తువులను తూర్పునకు తరలించిరి. అందు మన విమానముకూడ నుండెను. ప్రదర్శనశాల 1943 లో బాంబులకు గుఱియై పాడయ్యెను. జర్మనీపై బాంబులు వేయబోయిన బ్రిటిషు విమానమును బ్రిటిషు బాంబులనుండి జర్మనులే కాపాడిరి! చరిత్రయందు ఇట్టి చిత్రములు తఱచు తటస్థపడవు.

యుద్ధము ముగిసినపుడు ఆ విమానము పోలండుదేశమున నుండెను. అప్పటికి రెక్కలు పోయి, కొయ్య యొడలు మాత్రము మిగిలెను. పోలండువారు తమకు ఏ సంబంధమునులేని ఆ యొడలిని ఏండ్లతరబడి భద్రపఱచి, క్రాకో నగరపు మ్యూజియమునకు చేర్చిరి. 1977 లో బ్రిటిషువారు దానిని కోరి, బదులుగ ఒక స్పిట్‌ఫయరు యుద్ధవిమానము నిచ్చి ఇంటికి కొనిపోయిరి. క్రొత్త రెక్కలు కట్టి, లోపించిన భాగములను కూర్చి, 1983 లో హెండన్‌లో నిలిపిరి. మూడు జాతులు ఈ విమానమును కాపాడినవి. ఎవరి పేరు దానిపై నున్నదో ఆ నాలుగవవారమగు మనము మాత్రము దానిని గూర్చి ఒక ఉత్తరమైనను వ్రాసినవారము కాము.

పాత విమానమును బాగుచేయుటయనగా పగిలినచోట మేకుకొట్టి రంగుపూయుట యని కొందఱు తలంతురు. అది పొరపాటు. ముందు పరిశోధన, తరువాత పనిముట్టు. నాటి చిత్రపటములను వెదుకవలయును. తయారుచేసిన కర్మాగారపు కాగితములను చదువవలయును. ఏ కఱ్ఱను ఏ కొలతకు చెక్కిరో, ఏ బట్టను ఎట్లు కుట్టి బిగించిరో, దానిపై ఏ ద్రావకమును ఎన్ని పూతలు పూసిరో తెలిసికొనవలయును. అసలు ముక్క కొంచెము పుచ్చినదైనను పాఱవేయరాదు. దానిని చూచియే క్రొత్తముక్కను చేయవలయును. క్రొత్తది ఏదో పాతది ఏదో తరువాతివారికి తెలియునట్లు వ్రాసియుంచవలయును. తెలియనిచోట ఊహించి పూరించినవాడు వస్తువును బాగుచేయలేదు, అబద్ధమును నిర్మించెను. ఈ పనికి చేతినేర్పుతోపాటు సత్యనిష్ఠయు కావలయును. 

ఇంగ్లండు మొదలగు దేశములలో ఈ పనిలో ఎక్కువభాగము జీతములేని స్వచ్ఛంద సేవకులది. పదవీవిరమణ చేసిన ఇంజనీర్లు, వడ్రంగులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు తీఱిక దినములలో చేరి చేయుదురు. మొదటి మహాయుద్ధపు విమానచరిత్రను శోధించుటకే 1970 లో ఒక సంఘము బ్రిటనులో వెలసి నేటికిని పత్రికను వెలువరించుచున్నది. వెల్లింగ్టన్ అను బాంబుల విమానమొకటి 1940 డిసెంబరు 31 వ తేదీన ఇంజను చెడి స్కాట్లండులోని నెస్ సరస్సున పడెను. 1976 లో ఆ సరస్సునందలి వింతజంతువును వెదుకబోయిన అమెరికావారికి జంతువు దొరకలేదుగాని, ఈ విమానము కనబడెను! 1985 సెప్టెంబరులో దానిని పైకిలాగి, అది పుట్టినచోటగు బ్రూక్‌లాండ్స్‌కు చేర్చిరి. అచ్చటి స్వచ్ఛంద సేవకులు దశాబ్దముల తరబడి దానిని నిదానముగ బాగుచేసిరి. ఆ జాతి విమానములు పదునొకండువేలకు పైగా తయారుకాగా, పూర్తిగనున్నవి రెండే. స్టర్లింగ్ అను మఱియొక పెద్ద బాంబుల విమానము రెండువేలకు పైగా తయారై, నేడు పూర్తిరూపమున ఒక్కటియు లేదు. వేలకొలది యున్నంతకాలము ఎవరును దాచరు; ఒక్కటియు లేని దినమున అందఱును వెదుకుదురు. ఇది విమానములకేకాదు, మన తాళపత్రములకును, చేతిపనులకును, పల్లెపాటలకును వర్తించు నియమము.

ఇది తెల్లవారి వేడుక, మనకు తగదు అనువారికి మన దేశములోనివే రెండు నిదర్శనములు చూపెదను. మొదటి మహాయుద్ధానంతరము డి.హెచ్. 9 విమానములు కొన్ని బికనీరు సంస్థానమునకు చేరెను. కాలక్రమమున వానిని మఱచిపోయి జునాగఢ్ కోటలో ఏనుగుల సాలయందు పడవేసిరి. చెదలు కొయ్యను తినివేసెను. గై బ్లాక్ అను ఆంగ్లేయుడు వాని యవశేషములను కొని తీసికొనిపోయి, ఏండ్లతరబడి శ్రమించి, ఒకదానిని డక్స్‌ఫర్డు మ్యూజియమునకు చేర్చెను; మఱొకటి 2019 మే మాసమున ఆకాశమున కెగసెను. మన ఏనుగుల సాలలో చెదలు తిన్న కొయ్యకు మఱియొక దేశమున రెక్కలు మొలిచెను! ఆ యాంగ్లేయుని నేను నిందింపను. అతడు దొంగిలింపలేదు, మనము విడిచినదానిని అతడు ఆదరించెను. నింద ఎవరికి చెందునో చదువరులే యూహింపగలరు.

రెండవ నిదర్శనము మనకు గర్వకారణము. రెండవ మహాయుద్ధము ముగిసినపిమ్మట లిబరేటరు అను నాలుగు ఇంజనుల బాంబుల విమానములను, మరల ఎవ్వరికిని పనికిరాకుండునట్లు చెడగొట్టి, కాన్పూరులో విడిచిపెట్టిరి. స్వాతంత్ర్యము వచ్చిన క్రొత్తలో మనకు బాంబుల విమానములు కొనుటకు ధనము చాలదు. అప్పుడు బెంగుళూరులోని హిందూస్థాన్ విమాన కర్మాగారమువారు 1948 లో ఆ శిథిలములను పరీక్షించి, ఒకదాని భాగములను మఱొకదానికి కూర్చి, ఎగురుటకు మాత్రము తగినట్లు సరిచేసిరి. జంషెడ్ మున్షీ యను విమానచోదకుడు వానిని ఒక్కొక్కటిగ బెంగుళూరునకు నడపుకొనిపోయెను. అచ్చట సంపూర్ణముగ బాగుపడిన నలుబదికి పైబడిన విమానములు మన వాయుసేనలో 1968 వఱకు సేవచేసెను. ప్రపంచమున పదునెనిమిదివేలకు పైగా నిర్మింపబడిన ఆ జాతిలో నేడు మిగిలినవి వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. వానిలో పెక్కులు మన దేశము బాగుచేసి, తరువాత బ్రిటను, కెనడా, అమెరికా దేశముల మ్యూజియములకు పంపినవే. పాతదానిని బ్రతికించు నేర్పు మనకు లేదనుట అసత్యము. మనకు కొఱవడినది నేర్పు కాదు, శ్రద్ధ.

ఇక నాక్షేపణలు. బాంబుల విమానము ప్రాణులను చంపు సాధనము గదా, దానిని పూజించుట ధర్మమా యని మొదటి యాక్షేపణ. పూజింపుమని నేను చెప్పలేదు. న్యాయస్థానమున హంతకుని కత్తిని దాచునది పూజించుటకు కాదు; సాక్ష్యము కొఱకు. యుద్ధమును గూర్చి గ్రంథములలో చదివిన బాలునికి అది వీరగాథగ తోచును. ఆ కొయ్యయు బట్టయుగల చిన్న వాహనముకడ నిలిచి, ఇందులో నిరువురు కూర్చుండిరి, క్రింద నగరమున స్త్రీలును పిల్లలును నుండిరి అని తలచిన బాలునికి గర్వము తగ్గి గుండె బరువెక్కును. సాధనమును దాచిన జాతి యుద్ధపు వెల నెఱుగును. సాధనమును కరగించి కథను మాత్రము దాచిన జాతి ఆ వెలను మఱచును.

రెండవ యాక్షేపణ యింకను బలమైనది. ఒక ప్రభువు తన ప్రతిష్ఠకై పరులకిచ్చిన కానుక మన కేల? దానిపై మన పేరుండుట గౌరవమా? ఈ ప్రశ్న న్యాయమైనదే. 1918 లోనే బ్రిటిషువారు నిజామునకు క్రొత్త బిరుదములిచ్చిరి. అదే సంవత్సరమున మన దేశమున వర్షములు లేక కఱవు వచ్చెను. విషజ్వరము వ్యాపించి కోటిమందికి పైగా మరణించిరి. కానుక వ్రాతలో ప్రభువు పేరు గలదు. కాని ప్రభువు బొక్కసమునకు ధనమెచ్చటనుండి వచ్చును? వరంగల్లు సుబాలో చెఱువుక్రింద వరి పండించిన రైతు కట్టిన శిస్తు అందు చేరియుండక తప్పదు. ఆ రైతు విమానమును చూడలేదు. ఏ దేశముపై బాంబులు పడునో యెఱుగడు. అతని నెవరును అడుగలేదు. అందువలననే ఆ విమానము మనదని నేననుచున్నాను. అది ప్రభువు కీర్తికి మాత్రమే గుఱుతుగాదు. అడుగకుండ తీసికొన్న మన తాతల చెమటకును గుఱుతు. దానిని మనము మఱచితిమేని, ప్రభువు పేరు మాత్రము నిలిచి, రైతు రెండవమాఱు మఱుగుపడును.

ఇప్పుడు మఱల మామునూరునకు వత్తము. నా చిన్ననాట మా తాతగారు ఆ మైదానమును చదునుచేయు కూలిపనికి పోయినట్లు చెప్పుచుండెడివారు. రాతిదిమ్మెను ఎందఱు లాగిరో, కూలి యెంతయో, తొలి విమానము దిగిన దినమున ఊరివారెట్లు పరుగెత్తిరో ఆయన చెప్పుచుండగా నేను విసుగుకొని గోలీలాటకు పోయితిని. ఆయన గతించి నలుబదియేండ్లు దాటినది. నేడు ఆ కూలిరేటు తెలిసికొనవలెనని నాకెంత కోరికయున్నను చెప్పువారు లేరు. నా చేతిలో నుండిన పుస్తకమును నేనే నూతిలో జాఱవిడిచితిని. ఈ తప్పు నాది. ఒప్పుకొనుటకు సిగ్గుపడను, ఏలయన మీరు దానిని మఱల చేయకుందురుగాక యని నా యాశ.

రామప్ప గుడికి 2021 లో ప్రపంచ వారసత్వ స్థానము లభించినపుడు మనమందఱము సంతసించితిమి. ఓరుగల్లు కోట తోరణములను మన నగర చిహ్నముగ చూపుకొందుము. రాతిని కాపాడ నేర్చితిమి, మంచిదే. కాని ఇనుమును, కొయ్యను, యంత్రమును, కూలివాని మాటను కాపాడ నింకను నేర్వలేదు. 1934 లో వెలసిన ఆజంజాహి మిల్లు వేల కుటుంబములకు కూడుపెట్టి మూతపడెను. ఆ మగ్గముల చప్పుడు, ఆ కార్మికుల పనిపాటల తీరు నేడు వృద్ధుల జ్ఞాపకములలో మాత్రమున్నవి. మామునూరును అట్లు కానీయరాదు. క్రొత్త విమానాశ్రయము రావలసినదే. మన పిల్లలు అందు ఉద్యోగములు పొందవలసినదే. దానికి అడ్డుచెప్పువాడను కాను. కాని క్రొత్త మార్గముక్రింద పాతమార్గము కప్పబడుటకు ముందు, ఉన్నదానిని ఉన్నట్లు వ్రాసికొనుటకు ధనమక్కఱలేదు, అనుమతి పత్రములతో కొలదిపాటి పనియు, కొన్ని ఆదివారములును చాలును.

కావున మన పాఠశాలలో పది పండ్రెండుగురు విద్యార్థులు ఒక చిన్న సంఘముగ చేరవలెనని నా సూచన. అధికారుల యనుమతితో పాత రన్‌వేను, మిగిలిన కట్టడములను కొలిచి పటము గీయవలయును, ఛాయాచిత్రములు తీయవలయును. చుట్టుపట్ల గ్రామములలోని డెబ్బదియేండ్లు దాటిన పెద్దలయొద్దకు పోయి, వినయముతో కూర్చుండి, వారు చెప్పినదానిని వారి మాటలలోనే వ్రాయవలయును. ఎవరు చెప్పిరో, ఏ తేదీన చెప్పిరో, కన్నదో విన్నదో తప్పక గుర్తింపవలయును. ఇండ్లలోని పాత చిత్రపటములకు నకలు తీసికొని అసలును యజమానికి మఱల అప్పగింపవలయును. ఈ సమస్తమును రెండు ప్రతులుగ కట్టి, ఒకటి పాఠశాల గ్రంథాలయమున, మఱొకటి నగరములోని ఏదేని ప్రజాగ్రంథాలయమున నుంచవలయును. ఒకచోట చెదలు తిన్నను మఱొకచోట మిగులును. హెండన్ మ్యూజియమువారికి ఒక లేఖ వ్రాసి, మీయొద్దనున్న విమానముపై పేరుగల రాజ్యపు బాలురము మేము అని తెలుపవలయును. నూఱేండ్ల తరువాతనైనను మనము పలుకరించినట్లగును.

ఈ పనివలన పరీక్షలో మార్కులు రావు. కాని కొలుచుట, వినుట, ఉన్నదున్నట్లు వ్రాయుట, తెలియనిదానిని తెలిసినట్లు చెప్పకుండుట అను నాలుగు గుణములు అలవడును. బ్రూక్‌లాండ్స్‌లోని ముసలి వడ్రంగికిని, కాన్పూరు శిథిలములలో కూర్చున్న మన ఇంజనీరుకును ఈ గుణములే మూలధనము. పెద్ద ధనము వారికిని లేకుండెను.

విద్యార్థి సోదరులారా! మీరడిగిన ప్రశ్నకు నా సమాధానమిది. మన ఊరికి విమానము కొలదికాలములో రావచ్చును. అది వచ్చిన దినమున మీరు దానిని చూడ పరుగెత్తుదురు, నేనును వత్తును. కాని నాడు మీ ప్రక్కన నిలిచిన చిన్నవాడు, "ఇంతకుముందు ఇక్కడ ఏముండెను?" అని అడిగినచో, మీరు తెల్లమొగము వేయకుండ చెప్పగలుగవలయును. అందుకు కావలసిన మాటలు మామునూరు చుట్టుపట్ల ముసలివారి నోళ్లలో నేడును గలవు. మీరు పోవునంతవఱకు అవి కాచుకొనియుండవు. వచ్చు ఆదివారమే బయలుదేరుడు.